దిగుడు లెక్క

నిజ్వా సనయ్యల మిట్టమధ్యాహ్నం.
పానా ముట్టుకుంటే పెనం ముట్టుకున్నట్టే.
జువైనా టీచరమ్మ వచ్చి
బానెట్ మీద మూడు కాగితాలు పరిచింది,
ఎగిరిపోకుండ నా సుత్తె పెట్టింది.

రెండు పాయింట్ ఏడు. నాలుగు. ఐదు పాయింట్ ఏడు.
మూడూ పాత బండ్లే, మూడూ తెల్లయే.
ఏది కొన్నా నాలుగు ఇంచులు లేపాలె,
ముప్పై మూడు టైర్లు ఎయ్యాలె.
ఎందుకంటే కొండ మీద తారు రోడ్డు అయిపోయినంక
లోయలకు ఇంకో ఆరు కిలోమీటర్లు రాళ్ల దారి.
ఆ దారి అడుగున నలుగురు పిల్లలు
సంచులు తగిలించుకొని నిలబడి ఉంటరు.
స్కూలు బస్సు అంత దూరం రాదు.
ఆమె పోతది.

వాళ్లన్న ఖల్ఫాన్ ఎనిమిది సిలిండర్లంటడు.
ఆయన బండి శుక్రవారం ఇసుక తింటది,
తక్కిన ఆరు దినాలు నీడకు పంటది.
మరిది లెక్కల మనిషి, నాలుగు సిలిండర్లు చాలంటడు,
జీతం తీసుకపోయి పంపుల పోసుడెందుకంటడు.
ఇద్దరూ నిజమే చెప్పిన్రు.
ఇద్దరిల ఎవ్వరూ పొద్దున ఐదింటికి ఆ కొండ ఎక్కరు.

నాకొచ్చిన అరబ్బీల నేను చెప్పిన:
బండిని లేపుడంటే
ఎత్తు చెప్పులు తొడుక్కున్నట్టు గాదు,
నెత్తి మీద గంప పెట్టుకున్నట్టు.
గాలి ఎక్కువ గుద్దుతది, టైరు బరువైతది,
చిన్న ఇంజను పొద్దంత మొత్తుకుంటది.
తక్కువ తాగుతదని తెచ్చుకున్నదే
దమ్ము చాలక ఎక్కువ తాగుతది.
పళ్ల చక్రాలు మారిస్తే కొంచెం ఊపిరొస్తది.
అది నా పనే, నాకే నాలుగు పైసలు,
అయినా చెప్తున్న, కొంచెమే.

"అయితే పెద్దదేనా?"
పెద్దది ఏనుగు లెక్క ఎక్కుతది,
మేత సుత ఏనుగు మేతే.
ఏనుగును అరబ్బీల ఏమంటరో తెలువక
ముక్కుకు చెయ్యి పెట్టి ఊపి చూపిన.
నవ్వి, మళ్ల కాగితాల దిక్కు చూసింది.

ఇగ అప్పుడు చెప్పిన అసలు మాట.
పోయినేడు బలూచీ ముర్తజా పక్కన కూసొని
ఆ కొండ దిగిన. లేపిన బండి, చిన్న ఇంజను.
నాలుగో మలుపుకు బ్రేకు మెత్తబడ్డది,
ఆరో మలుపుకు మాడిన వెంట్రుకల వాసన.
పక్కకు కంకర పోసిన దారొకటి ఉండబట్టి
ఇయ్యాల నీకు సలహా ఇస్తున్న.
కొండెక్కుడే ఇంజనుకు పరీక్ష అంటరందరు.
గాదు. దిగుడు.
గేరు తగ్గించి కాలు తీసేస్తే
బొక్కెనను బావిల మెల్లగ ఇడిసే తాడు లెక్క
బండిని పట్టుకునేది ఇంజనే.
తాడు మరీ సన్నగుంటే చేతులు కోస్తది,
మరీ లావుంటే మోసుడే కష్టం.
పొద్దున ఆ లోయ ఒంటిగ దిగుతవు.
పగటీలి దిగేటప్పుడు నలుగురుంటరు లోపల.

చానసేపు మాట్లాడలే.
"నువ్వైతే ఏది కొంటవు రాజలింగం?"
నాకు సైకిలున్నది, దాని ఇంజను నేనే అన్న.
సుత్తె తీసింది. రెండు కాగితాలు
రోడ్డు దాటి టైర్ల దుకాణం దిక్కు ఎగిరిపోయినయ్.
నడిమిది చేతుల మిగిలింది, నాలుగు లీటర్లది.
కావాలని పట్టుకున్నదో, గాలే వదిలేసిందో
నేను అడగలే.

ఆదివారం బండి తెచ్చింది.
నాలుగు ఇంచులొద్దు, రెండున్నర చాలన్నది.
నలుగురిల చిన్నోనికి మెట్టు అందదట,
వాణ్ని రోజూ ఎత్తి ఎక్కించాలంటే
వానికి సిగ్గట.

మూడు ఇంజన్లను తూకమేసినోణ్ని,
ఆ పిల్లగాని మోకాలు ఎంత ఎత్తో
అడగనేలేదు.